పాకం పట్టని తీపి

‘నో-బేక్ ఫడ్జ్’ అన్న పేరు తెలుగు వంటింట్లోకి వచ్చేసరికి కాస్త నవ్వొస్తుంది. మనకి బేక్ చేసే స్వీటు ఏముంది గనక? అరిసె నూనెలో వేగుతుంది, మైసూర్‌పాక్ బాణలిలో ఉడుకుతుంది, పూతరేకు బోర్లించిన కుండ మీద కాలుతుంది. ఓవెన్ మా ఇంట్లోకి వచ్చి పదేళ్లు కూడా కాలేదు. వచ్చాక కూడా అది చేసేది మిగిలిపోయిన కూర వెచ్చబెట్టడమే. అలాంటి చోట ఒక స్వీటుని “ఓవెన్ లేకుండానే అయిపోతుంది” అని పొగడటం, సైకిలుని “పెట్రోలు లేకుండానే నడుస్తుంది” అని పొగడటం లాంటిది.

ఇంకా తమాషా ఏంటంటే, అసలు ఫడ్జ్‌కి కూడా ఓవెన్‌తో ఎప్పుడూ పని లేదు. ఫడ్జ్ గురించి దొరుకుతున్న తొలి కబుర్లలో ఒకటి అమెరికాలోని వాసర్ కాలేజీది. అక్కడ చదివిన ఎమిలిన్ హార్ట్‌రిడ్జ్ అనే ఆవిడ తర్వాతెప్పుడో రాసిన ఉత్తరం ప్రకారం, 1886లో బాల్టిమోర్‌లో ఫడ్జ్ పౌండు 40 సెంట్లకి అమ్మేవారు. స్నేహితురాలి బంధువుల దగ్గర్నుంచి ఆవిడ ఆ రెసిపీ సంపాదించి, 1888లో కాలేజీ వేలంపాట కోసం 30 పౌండ్లు చేసింది. అక్కణ్ణుంచి అది మిగతా ఆడపిల్లల కాలేజీలకి పాకింది. ఇంజనీరింగ్ హాస్టల్లో ఎలక్ట్రిక్ కెటిల్‌లో మ్యాగీ వండుకున్నవాళ్లకి ఈ కథ విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ పిల్లలు చేసింది ఇదీ: పంచదార, పాలు, చాక్లెట్ కలిపి మరగబెట్టడం, పాకం వచ్చాక వెన్న వేసి దించడం, కదపకుండా చల్లారనివ్వడం, ఆ తర్వాత చెయ్యి పడిపోయేదాకా తిప్పడం. ఓవెన్ ఎక్కడా లేదు.

మరి ‘నో-బేక్’ వాళ్లు తీసేసిందేమిటి? పాకాన్ని. ఆ పేరు మనకి చెప్పకుండా దాచిపెడుతున్నది అదే. నాకు ఆ ఒక్క మాట దగ్గర ఎందుకింత పట్టింపు అంటే, మా ఇంట్లో పాకం అంటే అమ్మ.

మాది ద్వారకా తిరుమల దగ్గర ఊరు. మా ఊళ్లో పెళ్లికి స్వీట్లు చెయ్యటానికి వంటవాళ్లు వచ్చినా, అరిసెల పాకం దగ్గరికొచ్చేసరికి అమ్మకి కబురొచ్చేది. అమ్మ వెళ్లి బాణలి పక్కన పీట వేసుకు కూచునేది. గరిటె అంచున ఉన్న చుక్కని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తీసుకుని, వేళ్లు విడదీసి, “ఇంకా రాలేదు” అనేది. మళ్లీ చుక్క, మళ్లీ వేళ్లు. గిన్నెలో చన్నీళ్లు పోసి అందులో పాకం వేసి, ఉండ కడుతోందో లేదో నొక్కి చూసేది. ఒక క్షణంలో “దించండి” అనేది. ఆ మాట తర్వాత వాదన ఉండేది కాదు. నలభై ఏళ్లు ఆ రెండు వేళ్ల మీద ఊరికి నమ్మకం.

ఇప్పుడు అమ్మ నా దగ్గరే ఉంటోంది, బంజారా హిల్స్ రోడ్ నంబర్ 12 వెనకవైపు సందులో, రెండు గదుల అద్దింట్లో. షుగరు వచ్చి పదిహేనేళ్లయింది. రెండేళ్ల కింద పాదాల తిమ్మిరితో మొదలై నిరుడు చేతివేళ్ల దాకా వచ్చింది. నరాలు దెబ్బతిన్నాయన్నాడు డాక్టరు. అమ్మ మాటల్లో అయితే, “వేళ్లకి దూది చుట్టినట్టుందిరా.” చొక్కా గుండీ పెట్టేటప్పుడు కళ్లతో చూసుకుంటూ పెడుతుంది. సంక్రాంతికి పాకం పట్టబోయి, చుక్క తీసుకుని, వేళ్లు విడదీసి, చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయింది. తర్వాత పొయ్యి కట్టేసి, “ఈసారి కొనుక్కొచ్చెయ్ నాన్నా” అంది. అంతే. దాని మీద మళ్లీ మాట్లాడలేదు.

నేను ఇంజనీర్ని కదా, వెంటనే థర్మామీటరు కొన్నాను. పాకం అంటే చివరికి నీళ్లు ఎంత మిగిలాయన్న లెక్కే. నీళ్లు ఆవిరయ్యేకొద్దీ మరిగే వేడి పెరుగుతుంది. ఫడ్జ్ పుస్తకాలు 112 నుంచి 116 డిగ్రీల సెంటిగ్రేడ్ అంటాయి, అంటే మన ఉండపాకం. పైగా హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైనుంది. ఇక్కడ నీళ్లు వందకి కాదు, 98 దగ్గరే మరుగుతాయి. కాబట్టి సముద్రతీరంలో రాసిన రెసిపీలో 114 అంటే బంజారా హిల్స్‌లో 112 అని తగ్గించుకోవాలి. ఇదంతా ఉత్సాహంగా అమ్మకి వివరించాను. అంతా విని, “వేళ్లకి ఆ తీసివేతలేవీ అక్కర్లేదు కదరా” అంది. నిజమే. వేళ్లు కొలిచేది వేడిని కాదు, చిక్కదనాన్ని. ద్వారకా తిరుమల దగ్గరైనా, ఈ గుట్ట మీదైనా తీగ తీగే.

ఇక ఫడ్జ్ ఇంట్లోకి ఎలా వచ్చిందంటే, మా అక్క కూతురి వల్ల. తొమ్మిదేళ్లు. మే నెలలో దాని పుట్టినరోజు, సెలవులకి మా ఇంట్లోనే ఉంది. “అమ్మమ్మ చేసిన స్వీటే కావాలి, అదీ చాక్లెట్‌ది కావాలి” అని పేచీ. అప్పుడు నేను ఈ నో-బేక్ రెసిపీ తీశాను. కండెన్స్‌డ్ మిల్క్ ఒక డబ్బా, దగ్గర దగ్గర 400 గ్రాములు. డార్క్ చాక్లెట్ 350 గ్రాములు. వెన్న రెండు చెంచాలు, చిటికెడు ఉప్పు. సన్నటి సెగ మీద నీళ్లగిన్నె, దాని మీద ఇంకో గిన్నె. చాక్లెట్ కరిగేదాకా కలపడం, నెయ్యి రాసిన పళ్లెంలో పోసి ఫ్రిజ్‌లో నాలుగు గంటలు పెట్టడం. అంతే.

అమ్మ గరిటె తిప్పుతూ రెండు నిమిషాలకే, “ఇప్పుడేం చూడాలి?” అంది. చూడ్డానికేం లేదు, కరిగితే చాలన్నాను. “మరి ఇందులో నేను చేసిందేముంది? డబ్బావాడే చేసేశాడు.”

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే అది రసాయనికంగా కూడా నిజం. పాలనీ పంచదారనీ కలిపి మరగబెట్టి నీళ్లు తీసేసే పని ఫ్యాక్టరీలో ఎప్పుడో అయిపోయింది. గెయిల్ బోర్డెన్ అనే అమెరికన్ 1856లో పేటెంటు తీసుకున్నప్పటి నుంచీ ఆ డబ్బా చేస్తున్నది ఇదే. ఫడ్జ్‌లో అసలు కష్టం గడ్డకట్టేటప్పుడు పంచదార స్ఫటికాలు చిన్నగా ఉండేలా చూడటం. వేడిగా ఉండగానే తిప్పితే అవి పెద్దవై నోట్లో ఇసకలా తగులుతాయి. కండెన్స్‌డ్ మిల్క్‌లో ఆ జాగ్రత్త కూడా వాళ్లే తీసుకుంటారు. చల్లార్చేటప్పుడు మెత్తటి లాక్టోజ్ పొడి చల్లి, పాలచక్కెర నాలిక్కి తెలియనంత చిన్న స్ఫటికాలుగా పేరుకునేలా చేస్తారు. మనం డబ్బా మూత తీసేసరికి చెయ్యి నొప్పి పుట్టే పని ఏదీ మిగలదు.

మేం ఆఫీసులో రోజూ చేసేది ఇదే. ఎవరో రాసిన లైబ్రరీని తెచ్చుకుని, పైన నలభై లైన్లు రాసి, “ఈ ఫీచర్ నేను కట్టాను” అంటాం. ఎవరూ తప్పుపట్టరు, పట్టకూడదు కూడా. కానీ ఆ లైబ్రరీ లోపల ఏముందో ఎప్పుడూ తొంగి చూడనివాడికీ, చూసినవాడికీ తేడా ఉంటుందని మాకు తెలుసు.

చాక్లెట్ సంగతీ అంతే. మా పెద్దమామయ్య కొబ్బరితోటలో అంతరపంటగా కోకో ఉంది. ఆ ప్రాంతమంతా అలాగే ఉంటుంది, దేశంలో కోకో ఎక్కువ పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. కాయ పగలగొడితే గింజల చుట్టూ తెల్లటి గుజ్జు ఉంటుంది, సీతాఫలంలా చప్పరించొచ్చు. ఆ గింజల్ని అయిదారు రోజులు కప్పిపెట్టి పులియబెట్టాలి, ఆ తర్వాత ఎండబెట్టాలి. చాక్లెట్ వాసనకి పునాది ఆ పులుపులోనే పడుతుంది. పులియని గింజని ఎంత వేయించినా చాక్లెట్ కాదు. 2024 చివర్లో ప్రపంచ మార్కెట్లో కోకో టన్ను 12,000 డాలర్లు దాటింది. ఆ మర్నాటి ఏడే గింజలు కొనేవాళ్లు లేరని, ధర రావటం లేదని ఏలూరు జిల్లాలో రైతులు రోడ్డెక్కారు. మా రోడ్ నంబర్ 12లోనే 2023లో ‘మనం చాక్లెట్’ వాళ్ల కార్ఖానా తెరిచారు. పశ్చిమ గోదావరి గింజలు చాక్లెట్‌గా మారటం అద్దాల వెనక కనబడుతుంది. ఒకసారి అమ్మని తీసుకెళ్లాను. రాయి తిరుగుతున్న యంత్రం ముందు నిలబడి, “మన గ్రైండరేగా” అంది. తర్వాత ఒక ముక్క నోట్లో వేసుకుని, “ఇదా అన్నయ్య తోటలోది” అంది. ముప్పై ఏళ్లుగా గింజ తెలుసు, చాక్లెట్టూ తెలుసు, రెండింటి మధ్యా దారి ఆవిడకి కనబడింది ఆ రోజే.

అంటే నో-బేక్ ఫడ్జ్ నిప్పు తగలని స్వీటు కాదు. చాలామంది చేతుల్లో, చాలా చోట్ల ముందే ఉడికి వచ్చిన స్వీటు. మన ఇంట్లో ఉడకలేదంతే.

ఇక్కడితో ఆగితే ఇది ‘పాతకాలం పనితనం పోయింది’ అనే వ్యాసం అయ్యేది. అలాంటివి ఇప్పటికే చాలా ఉన్నాయి, వాటిలో వంటగదిలో అమ్మలు నలభై ఏళ్లు పొగలో కూచున్న సంగతి ఎవరూ రాయరు. ఆగనివ్వంది అమ్మే.

ఫ్రిజ్‌లోంచి తీసిన పళ్లెం బల్ల మీద పెట్టాం. మే నెల మధ్యాహ్నం. పది నిమిషాలకే ముక్కల అంచులు మెత్తబడ్డాయి. కోకో బటర్ కరిగేది 34 డిగ్రీల దగ్గర, ఒంటి వేడి కంటే కాస్త తక్కువ. నోట్లో చాక్లెట్ కరిగే సుఖమంతా ఆ తేడాలోనే ఉంది. నలభై డిగ్రీల హైదరాబాద్‌లో ఆ సుఖమే తంటా. అందుకే మార్కెట్లో కాంపౌండ్ చాక్లెట్ ఉంటుంది, కోకో బటర్ తీసేసి వేరే వెజిటబుల్ ఫ్యాట్ వేసి. అది ఎండకి తట్టుకుంటుంది కానీ నోట్లో మైనంలా పేరుకుంటుంది. ఈ సంగతి అక్క కూతురికి చెబుతుంటే అమ్మ మధ్యలో ఆపింది.

“అంటే దీన్ని గట్టిగా పట్టుకుని ఉంచేది పంచదార కాదా?”

“కాదమ్మా. చాక్లెట్‌లో ఉన్న కొవ్వు.”

“అయితే ఇది సున్నుండేరా! అందులో మాత్రం పాకం ఎక్కడుంది? నెయ్యి పేరుకునేగా నిలబడేది.”

నాకు తట్టలేదు ఆ మాట. మినప్పప్పు దోరగా వేయించి, విసిరి, బెల్లమో పంచదారో కలిపి, నెయ్యి పోసి చుట్టే సున్నుండలో పాకం లేదు. కానీ సున్నుండని ఎవరూ ‘పాకం లేని లడ్డూ’ అనరు. దాని పనితనం వేరే చోట ఉంది, పప్పు వేగిన వాసనలో. అమ్మకి అది కళ్లూ ముక్కూ చేసే పని, వేళ్లది కాదు.

అక్కణ్ణుంచి రెసిపీ ఆవిడ చేతిలోకి వెళ్లింది. రెండోసారి చేసినప్పుడు డబ్బా పాలు మొత్తం వద్దంది, “మరీ తీపి, పిల్లలకైనా.” ముప్పావు డబ్బాతో సరిపెట్టింది. నెయ్యిలో జీడిపప్పు ఎర్రగా వేయించింది. సున్నిపిండి నాలుగు చెంచాలు పొడిగా వేయించి కలిపింది, ఆ పిండి కారుతున్న కొవ్వుని కొంత పీల్చుకుంది. పళ్లెంలో పోసి అరచేత్తో ఒత్తి, కత్తితో వంకర లేకుండా డైమండ్లు కోసింది. అరచేతికి ఇంకా తెలుస్తుందట. వేయించిన మినప్పప్పూ డార్క్ చాక్లెట్ చేదూ అంత బాగా కలుస్తాయని నాకు ఏ రెసిపీ చెప్పలేదు. అపార్ట్‌మెంట్ పిల్లలు పళ్లెం ఖాళీ చేశారు. అమ్మ ఒక ముక్కలో సగం తిని, మిగతా సగం నా చేతిలో పెట్టి, వెళ్లి మాత్ర వేసుకుంది. డబ్బావాడి ఊసు మళ్లీ ఎత్తలేదు.

ఇది పాకానికి బదులు కాదు. సున్నుండ ఉందని అరిసె అక్కర్లేకుండా పోదు. అందుకే ఆదివారాలు ఇంకో పని పెట్టుకున్నాం. నేను పొయ్యి దగ్గర, అమ్మ పక్కన కుర్చీలో. నా బొటనవేలు, నా చూపుడువేలు. చుక్క తీసుకుని విడదీస్తాను, తీగ ఎంత సాగిందో అమ్మ కళ్లజోడు పెట్టుకుని చూస్తుంది. “ఎలా ఉంది, జిగురుగా ఉందా, జారుతోందా?” అని అడుగుతుంది. నాకు తెలిసిన మాటల్లో చెప్పడానికి తంటాలు పడతాను. థర్మామీటరు అంకె పక్కన ఆ మాట నోట్‌బుక్‌లో రాస్తున్నాను. తీగపాకం దగ్గర మూడు మాటలు పోగయ్యాయి. ఉండపాకం దగ్గర ఒకటి. ముదురుపాకం గడి ఖాళీగానే ఉంది. దానికి వేళ్లు పనికిరావట, ఉండని కంచానికేసి కొడితే ‘టంగ్’మనాలట. ఎలాంటి ‘టంగ్’ అని అడిగితే, “విన్నప్పుడు చెప్తాను” అంది.