కొళత్తూరులో నేర్చుకున్న ఇసుక పాఠం

చెన్నైలో పెరంబూరు దాటి కొళత్తూరు వెళితే రంగు చేపల దుకాణాలు వరసగా కనిపిస్తాయి. ఇక్కడ చేపలు పెంచి అమ్మడమే ఎన్నో కుటుంబాలకు జీవనాధారం. మనవడు ముచ్చటపడితే నిరుడు అక్కడే నాలుగు కొరిడోరాస్ చేపలు కొన్నాను. దక్షిణ అమెరికా నదుల చేపలివి. మన జెల్లల్లాగే మీసాలుంటాయి, అడుగునే తిరుగుతాయి. తొట్టిలో ఎరుపు, నీలం రాళ్ళు పరిచి మురిసిపోయాం.

కొద్ది నెలల్లోనే వాటి మీసాలు అరిగిపోయాయి. ఒకటి చచ్చిపోయింది. "రోజూ తిండి వేశాం కదా తాతయ్యా, ఎందుకు పోయింది?" అని వాడడిగితే జవాబు చెప్పలేకపోయాను.

మళ్ళీ కొళత్తూరు వెళ్ళాను. ఒక దుకాణంలో పెద్దాయన తమిళంలో ఓపిగ్గా వివరించాడు. ఆ 'మీసై'తోనే అవి తిండి వెతుక్కుంటాయి. ఇసుకను నోట్లోకి తీసుకుని, తిండి మింగి, ఇసుకను మొప్పల గుండా వదిలేస్తాయి. పదునైన రాళ్ళు మీసాలను కోస్తాయి. రాళ్ళ సందుల్లో కుళ్ళిన తిండి వల్ల ఆ గాయం పుండవుతుంది.

"మెరీనా ఇసుక తేనా?" అన్నాను. వద్దన్నాడు. అందులో ఉప్పు, ఆల్చిప్పల ముక్కలు ఉంటాయి. ఆ సున్నం నీటి కఠినత్వాన్ని పెంచుతుంది. సన్నని, నునుపైన ఏటి ఇసుక మేలట. చిటికెడు ఇసుక మీద వెనిగర్ చుక్కలు వేస్తే బుడగలు రాకూడదు. నీళ్ళు తేటపడేదాకా కడిగి, అంగుళం మందాన పరిస్తే చాలు.

ఇప్పుడు మిగిలిన మూడూ ఇసుకలో మూతులు దూర్చి ఆడుతున్నాయి. రాళ్ళ రంగులు మా కళ్ళకోసం కొన్నాం. ఇసుక మాత్రం వాటికోసం తెచ్చాం.