కొండమీది సంతలు: అరకు నుంచి చింతపల్లి దాకా

విశాఖపట్నం నుంచి అరకులోయకు రోడ్డు మార్గాన దాదాపు 115 కిలోమీటర్లు. బస్సు కంటే రైలును ఇష్టపడేవారే ఎక్కువ. కొత్తవలస దాటి శృంగవరపుకోట పొలాలు వెనక్కి జరగగానే బండి కొండను పట్టుకుంటుంది. ఆపైన సొరంగం తర్వాత సొరంగం, వాటి నడుమ లోయలు. పిల్లలు లెక్కపెట్టడం మొదలుపెట్టి ఇరవై దాటాక మరచిపోతారు. యాభైకి పైగా ఉన్నాయి. శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. దేశంలో బ్రాడ్‌గేజ్ మార్గంలో అతి ఎత్తైన స్టేషనుగా చాలాకాలం దానికి పేరుండేది. 2017 నుంచి అద్దాల పైకప్పు పెట్టె కూడా తగిలించారు.

ఇంత కష్టపడి వేసిన ఈ దారి అరకు ప్రజల కోసం వేసినది కాదు. బైలదిల్లా గనుల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపానుకు పంపడానికి 1960లలో కొండల్ని తొలిచి కొత్తవలస – కిరండూల్ మార్గాన్ని నిర్మించారు. నేటికీ ప్రయాణికుల బండ్లు పక్కకు తప్పుకుంటే ఎర్రటి ధూళి కప్పుకున్న గూడ్సు బండ్లు ముందు సాగిపోతాయి. ఎక్కడో ఉన్న సంపద ఈ ఊళ్ళ మీదుగా మరెక్కడికో వెళుతుంది. మన్యం ఆర్థిక జీవితాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ దృశ్యం నుంచే మొదలుపెట్టడం మంచిది.

కొండకు పైన ఒక ఊరు ఉంటే, దానికి జోడీగా కింద మరో ఊరు ఉంటుంది. అరకు, అనంతగిరులకు శృంగవరపుకోట, పాడేరుకు చోడవరం, మాడుగుల, చింతపల్లికి నర్సీపట్నం. పైనుంచి దిగే చింతపండు, పసుపు, అడ్డాకులు, కొండచీపుర్లు తరతరాలుగా ఈ కిందివూళ్ళ కొట్లకే చేరాయి. పైకి ఉప్పు, ఎండుచేపలు, బట్టలు, కిరోసిన్ ఎక్కాయి. పండించిన చేయి కొండపైన ఉంటే ధర చెప్పే నోరు కొండకింద ఉండిపోయింది. (మాడుగుల పేరు వచ్చింది కనుక ఒక మాట. గోధుమపాలతో, నేతితో చేసే ఆ ఊరి హల్వా ఆంధ్రదేశమంతటా ప్రసిద్ధం. అరబ్బీ నుంచి నడిచి వచ్చిన ఆ పదం ఈ కొండపాదాన ఎలా స్థిరపడిందో ఎవరైనా పరిశోధిస్తే చదవాలని ఉంది.)

అరకు అనగానే ఊరు ఒకటి కళ్ళముందు మెదులుతుంది గానీ, నిజానికి అది లోయ పేరు. పట్టణమంటే ఒక పొడవాటి వీధి, దాని ఇరువైపులా లాడ్జీలు, గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట. రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి వేసిన తోట అది. ఇప్పుడు అందులో చిన్నబండి తిరుగుతుంది. నవంబరు నుంచి జనవరి దాకా వలిసెపూలు పొలాలను పసుపురంగుతో కప్పినప్పుడు జనం పోటెత్తుతారు. ఆ మూడు నెలలూ గది దొరకదు, మిగతా కాలంలో అడిగేవారుండరు. పూలలో నిలబడి ఫొటో తీయించుకునే పర్యాటకులకు ఆ వలిసెలు నూనెగింజలని, అది ఒక రైతు పంట అని తెలియదు. తొక్కిన మేరకు నష్టం ఎవరిదో చెప్పనక్కరలేదు. కొందరు రైతులు గట్టున నిలబడి మనిషికింత అని వసూలు చేయడం చూసి పట్నంవాళ్ళు నొసలు చిట్లిస్తారు. నాకు మాత్రం అది న్యాయంగానే తోచింది.

ఈ లోయ అసలు రూపం చూడాలంటే సంత రోజున చూడాలి. అరకులో శుక్రవారం సంత. తెల్లవారకముందే దూరపు గూడేల నుంచి మనుషులు వరుసకట్టి దిగుతారు. బగత, వాల్మీకి, కొండదొర, కోటియా, పోర్జ, గదబ, ఖోందు తెగల స్త్రీలు నెత్తిన గంపలతో, పురుషులు కావడి బద్దలతో వస్తారు. కొందరి ఇంటి భాష ఒడియా, కొందరిది కువి. బేరం మాత్రం తెలుగులో. అల్లం, పసుపు, రాజ్‌మా గింజలు, చోళ్ళు, సామలు, అనాసపండ్లు, తేనె, పిప్పలిమోడి నేలమీదే కుప్పలు పడతాయి. కుప్ప ధర, సోల ధర, అడ్డ ధర అని చెప్పేవారు ఇంకా ఉన్నారు. త్రాసు వ్యాపారి దగ్గర ఉంటుంది.

సంత కంటే ముఖ్యమైనది సంతకు వచ్చే దారి. గూడెం మలుపులో, వాగు దాటేచోట, తెల్లవారుజామున దళారులు కాచుకుని ఉంటారు. గంప దించకముందే చేయి పెట్టి, ఇంత ఇస్తాం పొమ్మంటారు. సంతలో నేడు పసుపు ధర ఎంతో ఆ తల్లికి ఇంకా తెలియదు. మోత బరువు, ఎండ భయం, ఇంటిదగ్గర పసిబిడ్డ. ఇవన్నీ కలిసి ఆమెచేత ఊఁ అనిపిస్తాయి. గంప అక్కడే చేతులు మారుతుంది, సంతకు ఆమె ఖాళీ చేతులతో, కొనుగోలుదారుగా మాత్రమే చేరుతుంది.

మన పాఠకులకు ఈ సన్నివేశం కొత్తది కాకూడదు. బయటి నుంచి సరుకు తెచ్చే బిడారులకు ఎదురేగి, వారు బజారుకు చేరి ధర తెలుసుకోకముందే కొనివేయడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఈ నిషేధం ఉంది. ధర్మశాస్త్రవేత్తలు దీనికి పెట్టిన పేరు ‘తలఖ్ఖీ’. పధ్నాలుగు వందల ఏళ్ళ క్రితం మదీనా పొలిమేరల్లో జరిగిన మోసమే, ఒంటెలు లేకుండా, ఈ ఘాట్ రోడ్డు మలుపుల్లో జరుగుతోంది. తూనికల్లో తగ్గించి ఇచ్చేవారిని హెచ్చరిస్తూ దివ్యఖుర్‌ఆన్‌లో ఒక సూరాయే ఉంది, 83వది, అల్ ముతఫ్ఫిఫీన్. ఏజెన్సీ సంతల్లో బట్టలు, గాజులు, పాత్రలు అమ్మడానికి కిందివూళ్ళ నుంచి వచ్చేవారిలో మనవాళ్ళు కూడా ఉంటారు. వారి జుమా నమాజు సంగతి వారు చూసుకుంటారు. త్రాసు సంగతి కూడా ఆ నమాజుతో ముడిపడినదేనని గుర్తుచేయడం మన బాధ్యత.

మరో ఉచ్చు ముందస్తు అప్పు. వర్షాకాలంలో తిండిగింజలు అడుగంటుతాయి, జ్వరాలు వస్తాయి, పెళ్ళిళ్ళు పడతాయి. షావుకారు డబ్బిచ్చి, చెట్టుమీది కాయను రాయించుకుంటాడు. పంట వచ్చాక ధర అతనిదే. కాయ పక్వానికి వచ్చినట్లు తేలకముందే పండ్ల అమ్మకాన్ని కూడా ప్రవక్త (స) వారించారన్నది తెలిసినదే. ఇక్కడ పంట అమ్మకమూ వడ్డీ ఒకే లెక్కలో కలిసిపోతాయి గనుక ఎక్కడ ఏది ముగుస్తుందో చెప్పడం కష్టం.

ఈ దోపిడీని అడ్డుకోవడానికే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. అడవి ఉత్పత్తులను నిర్ణీత ధరకు కొనడం, నిత్యావసరాలను డిపోల ద్వారా అమ్మడం దాని పని. దాని తేనె సీసా మన ఇళ్ళలో చాలామందికి పరిచయమే. సంస్థ ధర ప్రకటించిన సరుకుకు ప్రైవేటు వ్యాపారి కూడా ఆ ధర దరిదాపులకు రాక తప్పదు. అది చిన్న మేలు కాదు. అయితే షావుకారు ఇంటి గుమ్మానికి వస్తాడు, రాత్రి అడిగినా అప్పిస్తాడు, కాగితం అడగడు. ఈ మూడింటిలోనూ అతనితో పోటీ పడటం ఏ ప్రభుత్వ సంస్థకూ సులువు కాదు.

ఇక కాఫీ. ఈ గింజ చరిత్రలో ముస్లింల పాత్ర గురించి మన పిల్లలకు చెప్పవలసినంతగా చెప్పలేదు. పదిహేనో శతాబ్దపు యెమెన్‌లో రాత్రి ఆరాధనల్లో మెలకువ కోసం సూఫీలు ‘ఖహ్వా’ తాగేవారు. 1511లో మక్కా పాలనాధికారి ఖైర్ బేగ్ దాన్ని నిషేధిస్తే, కైరో నుంచి వచ్చిన ఉత్తర్వు ఆ నిషేధాన్ని తొలగించింది. యెమెన్‌లోని మోఖా రేవు నుంచి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటింది బాబా బుడన్ అని, అది పదిహేడో శతాబ్దమని సంప్రదాయం. తూర్పు కనుమలకు కాఫీ చాలా ఆలస్యంగా వచ్చింది. 1898లో బ్రోడీ అనే ఆంగ్లేయ అధికారి పాములేరు లోయలో వేయించాడని చెబుతారు. అక్కడి నుంచి అనంతగిరి, అరకు, పాడేరు, చింతపల్లి వైపు మెల్లగా పాకింది. 1960 తర్వాత అటవీశాఖ, ఆపైన అటవీ అభివృద్ధి సంస్థ, కాఫీబోర్డు, పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ దాన్ని గిరిజన రైతుల చేతికి అందించాయి. కొండ నరికి కాల్చి సాగుచేసే పోడును తగ్గించడం వారి ఉద్దేశం. నేడు రెండు లక్షల ఎకరాలకు పైగా తోటలున్నాయి.

తోటలోకి అడుగుపెడితే మొదట కనిపించేది కాఫీ కాదు, నీడ. నిటారుగా పెరిగిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకుని మిరియపు తీగలు, వాటి కింద నడుమెత్తు కాఫీ మొక్కలు. ఒకే నేల నుంచి మూడు ఆదాయాలు. మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కోత. పండిన ఎర్రకాయను మాత్రమే ఏరాలి, పచ్చికాయ కలిస్తే రుచి పాడవుతుంది. ఏరిన కాయను అదేరోజు పైతోలు ఒలిచి, కడిగి, ఆరబెడితే వచ్చే గింజకు మంచి ధర. కాయను అలాగే ఎండబెడితే తక్కువ. దాదాపు ఐదారు కిలోల పండ్లకు ఒక కిలో గింజ మిగులుతుంది. యంత్రం, నీరు, రెండు వారాలు ఆగగల ఓపిక ఉన్నవాడికే మంచి ధర, అప్పున్నవాడు ఆగలేడు. అందుకే చాలాకాలం ఎండుకాయే ఎక్కువగా అమ్ముడుపోయింది.

రైతులు సహకార సంఘాలుగా ఏర్పడి ఎర్రకాయనే అమ్మడం, అక్కడికక్కడే శుద్ధిచేయడం మొదలయ్యాక కథ కొంత మారింది. 2017లో పారిస్ నగరంలో అరకు పేరుతోనే ఒక కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించింది. గర్వించదగినదే. కానీ గుర్తింపు గింజకు వచ్చింది; ధరలో రైతు వాటా ఎంత పెరిగిందన్నది తోటను బట్టి, సంఘాన్ని బట్టి మారుతోంది. 2025లో అరకు ప్రాంతపు తోటల్లో కాయతొలుచు పురుగు కనిపించింది. సోకిన కాయలను కోసి నాశనం చేయడమే దారి, అంటే ఏడాది కష్టాన్ని తమ చేతులతోనే పారవేయడం. ప్రపంచ మార్కెట్టు గురించి మాట్లాడేవారికి ఇది చిన్న వార్త, ఎకరం తోట ఉన్నవారికి అదే సర్వస్వం.

అరకు నుంచి హుకుంపేట మీదుగా పాడేరు చేరితే వాతావరణం మారుతుంది. అరకు అతిథుల కోసం ముస్తాబైన ఊరు, పాడేరు పనుల కోసం వచ్చేవారి ఊరు. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి ఇది జిల్లా కేంద్రమయ్యాక కార్యాలయాలు, ఆసుపత్రి, అద్దె ఇళ్ళు పెరిగాయి. కలెక్టరు కార్యాలయం కొండపైకి రావడం వల్ల గూడెం మనిషికి విశాఖ ప్రయాణం తప్పింది. అయినా రోడ్డులేని గూడేల నుంచి గర్భిణులను డోలీలో మోసుకురావడం ఇంకా ఆగలేదు. సమీపంలోని వంజంగి కొండకు మేఘాలు చూడటానికి వేకువజామున వందల బండ్లు ఎక్కుతాయి. డోలీ దిగే కొండలు కూడా ఇవే.

చింతపల్లి రాజ్‌మా గింజలకు, పసుపుకు పేరు. దాని మండలంలోని లంబసింగి చలికి పేరు. ఆ చలిని అమ్ముకోవడం కూడా ఇప్పుడు ఒక వ్యాపారం: గుడారాలు, నెగళ్ళు, స్ట్రాబెరీ తోటలు. ఈ గుడారాల్లో ఎన్ని నిజంగా స్థానికులవి అన్నది అడగవలసిన ప్రశ్న. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కాకూడదని 1959 నాటి నిబంధన, దాన్ని బిగించిన 1970 సవరణ చెబుతాయి. దాన్నే జనం 1/70 చట్టం అంటారు. పేరు ఒకరిది, పెట్టుబడి మరొకరిది అయినప్పుడు చట్టం కాగితం మీద నిలుస్తుంది, భూమి చేతులు మారుతుంది. అనంతగిరి మండలంలోని గనుల లీజులపై సాగిన సమత కేసులో సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన తీర్పు దేశవ్యాప్తంగా ప్రసిద్ధం. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వరాదని అది తేల్చింది. బాక్సైటు కోసం ఈ కొండలపై పడిన చూపులు ఆ తర్వాత కూడా తొలగలేదు. బాక్సైటు పొరలే వాననీటిని పీల్చుకుని ఊటలుగా వదులుతాయని, అవి పోతే గెడ్డలు ఎండుతాయని గిరిజనులు పట్టుబట్టి పోరాడారు. కాఫీకి కూడా ఆ నీరే ఆధారం.

కుటుంబాలతో వెళ్ళేవారికి ఒకటి రెండు మాటలు. దారి పొడవునా బొంగు చికెన్ వాసన పిలుస్తుంది. మసాలా పట్టించిన కోడిమాంసాన్ని పచ్చి వెదురులో కూరి, ఆకులతో మూసి, నిప్పులమీద కాలుస్తారు, నూనె అక్కరలేదు. జబహ్ విషయంలో సందేహం ఉంటే నాటుకోడిని కొని మనవారితో జబహ్ చేయించి, వండి ఇమ్మని అడగడమే మేలు. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. చెట్టుకు కుండ కట్టి ఉంటే అది జీలుగు కల్లు, ‘కొండనీరా’ అన్నా మోసపోకండి. థింసా నాట్యం చేసే స్త్రీలను, సంతలో గంప దించుకునే వృద్ధులను అడగకుండా ఫొటో తీయకండి. మన ఇంటి ఆడవారిని అలా తీస్తే ఊరుకోము గదా.

కాఫీ, మిరియాలు, పసుపు కొనదలచినవారు సహకార సంస్థ దుకాణంలో ధర చూసుకుని, ఆ తర్వాత సంతకు వెళ్ళి, నేలమీద కూర్చున్న అమ్మ దగ్గరే కొనవచ్చు. ఆమె చెప్పిన ధర దుకాణం ధర కంటే తక్కువగానే ఉంటుంది. దానిమీద ఇంకా బేరమాడేవారిని ఆ శుక్రవారం చాలామందినే చూశాను. కార్లు దూరంగా ఆపి వచ్చినవారే ఎక్కువ. పది రూపాయలు తగ్గించుకుని అదే చేత్తో అద్దాల పెట్టెలో తిరుగు టిక్కెట్టు తీసుకున్నారు. సాయంత్రం నాలుగు దాటేసరికి సంత పలచబడింది. ఖాళీ గంపల్లో ఉప్పు పొట్లాలు, ఎండుచేపలు, పిల్లవాడికో చొక్కా సర్దుకుని గూడెం వైపు వరుసలు కదిలాయి. దిగేటప్పుడు రెండు గంటలు పట్టిన దారి, ఎక్కేటప్పుడు మూడు.