కథ నడక – కత్తెర బాధ్యత

సినిమాలో ఎడిటరు పని అనవసరమైనదాన్ని తీసివేయడమేనని నేను చాలాకాలం నమ్మాను. అది పొరపాటని నాకు తెలియజెప్పింది ఏ సిద్ధాంత గ్రంథమూ కాదు; నా తరగతిలో చివరి బెంచీ విద్యార్థి.

కొన్నేళ్ళ క్రితం కథాశిల్పం బోధిస్తూ, సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలీ' (1955) చివరి భాగాన్ని పిల్లలకు చూపించాను. పీరియడు 50 నిముషాలు. సంపాదన కోసం వూరు విడిచిన హరిహరుడి నుంచి ఉత్తరం వస్తుంది. ఆ తర్వాత చెరువు. నీటిమీద పురుగులు, ఆకులు, తూనీగలు. కథ వొక్క అడుగు ముందుకు పడదు. వర్ణనే కదా అనుకుని ఆ ముక్కను దాటవేశాను. ఉత్తరం వచ్చింది, వాన వచ్చింది, దుర్గ తడిసింది, జ్వరంతో చనిపోయింది. గంట కొట్టేలోపల పాఠం పూర్తయింది. పిల్లలు పుస్తకాలు సర్దుకుని వెళ్ళిపోయారు. ఎవరి కన్నూ చెమర్చలేదు.

వారం తర్వాత, పాలమూరు నుంచి వచ్చి చదువుకుంటున్న వొక విద్యార్థి చిత్రం మొత్తం చూసి వచ్చి నన్ను అడిగాడు:

"సార్, ఆ చెరువు ముచ్చట ఎందుకు తీసేసిండ్రు? మా నాయిన బొంబాయిల కూలికి పోయిండు. పైసలు తెస్తున్న అని ఫోను చేస్తె, ఆయన వచ్చేదాంక మా యింట్ల పొద్దు అట్లనే గడుస్తది. ఏం కాదు. గని అందరం ఎదురుచూస్తనే ఉంటం."

నేను జవాబు చెప్పలేకపోయాను. నేను తీసివేసింది వర్ణన కాదు. ఆ కుటుంబం ఆశతో బతికిన కాసిని రోజులు. ఆశకు చోటివ్వని కథలో చావుకు బరువెక్కడిది?

ఆ చిత్రానికి ఎడిటరు దులాల్ దత్తా. హరిహరుడు తిరిగివచ్చే ఘట్టం చూడండి. తెచ్చిన వస్తువులు వొక్కొక్కటే తీసి భార్యకు చూపిస్తాడు. కూతురు లేదని మనకు తెలుసు, అతనికి తెలియదు. కూర్పు తొందరపడదు. కూతురి కోసం తెచ్చిన చీర బయటికి వచ్చినప్పుడే సర్వజయ దుఃఖం కట్టలు తెంచుకుంటుంది. అప్పుడు కూడా ఆమె గొంతు మనకు వినిపించదు; తారషెహనాయి వినిపిస్తుంది.

అయితే నిదానమే గొప్పదని నా వాదన కాదు. ఐజెన్‌స్టైన్ 'బాటిల్‌షిప్ పొటెంకిన్' (1925)లో ఒడెస్సా మెట్ల ఘట్టం చూడండి. షాట్లు పొట్టివి, కోతలు వేగం. కాని సైనికులు ఆ మెట్లు దిగడానికి నిజంగా పట్టే సమయం కంటే తెరమీద చాలా యెక్కువ పడుతుంది. జారు వ్యవస్థకు అది క్షణాల్లో ముగిసే పని. చచ్చేవాడికి అది అంత పొడుగు. ఎడిటరు చచ్చేవాడి పక్షాన కాలాన్ని కొలిచాడు.

మన బుర్రకథకులకు యిది కొత్త కాదు. కథకుడు పరుగు తీస్తుంటే వంతలు అడ్డం వచ్చి ప్రశ్నిస్తారు, నవ్విస్తారు, కథను నిలబెడతారు. ఆ నిలిచిన చోటనే జనం కథలోకి ప్రవేశిస్తారు.

కాబట్టి వేగమా, నిదానమా అన్నది అసలు ప్రశ్న కాదు. ఎవరి కాలాన్ని లెక్కలోకి తీసుకుంటున్నాం, ఎవరి కాలాన్ని వ్యర్థమని కత్తిరిస్తున్నాం అన్నది ప్రశ్న. ఆ రోజు నేను గంట కొట్టేవాడి లెక్కన కత్తిరించాను.

యీ యేడు రెండు పీరియడ్లు అడిగి తీసుకున్నాను. చెరువు దృశ్యం వచ్చినప్పుడు వొకరిద్దరు గడియారం చూశారు. నేను ముందుకు జరపలేదు.