ఉడుతలకి చోళ్లు

మా చింతపల్లి మన్యంలో పుష్యమాసం వచ్చిందంటే తెల్లారేసరికి గడ్డి మీద మంచు పేరుకుంటుంది. లంబసింగి చలి చూడాలని పట్నాల నుంచి జనం బళ్లు కట్టించుకొని వస్తారు. ఆ చలిలో చిన్న జీవాలు ఏం తిని బతుకుతాయో అడిగేవాళ్లు తక్కువ. చలి దేశాల్లో కొన్ని జంతువులు చలికాలమంతా నిద్రలో గడిపేస్తాయి. మన చారల ఉడుత అలా నిద్రపోదు. దానికి ఏ రోజు తిండి ఆ రోజు కావాలి.

ఒక చలికాలం మా ఆశ్రమ పాఠశాలలో నాలుగు ఉడుతల్ని సాకాం. కార్తీకంలో రోడ్డు వెడల్పు పనికి చెట్లు కొట్టినప్పుడు మూడు పిల్లలు గూడుతో సహా కిందపడ్డాయి. కళ్లు తెరిచాయి, పళ్లు వచ్చాయి, కానీ సొంతంగా తిండి వెతుక్కునే వయసు కాదు. తల్లి వస్తుందేమోనని పొద్దుగూకేదాకా దూరంగా కూర్చొని చూశాం. రాలేదు. అడవి జంతువుని పట్టి పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. అందుకే ముందు అటవీశాఖ బీట్ ఆఫీసరుకి చెప్పాం. కాస్త పెద్దయ్యాక అడవిలో వదిలేయమన్నారు. నాలుగోది ఒక ఇంట్లో పంజరంలో పెరిగినది. మా దగ్గరికి వచ్చేసరికి వెనక కాళ్లు ఈడుస్తోంది. వేరుశనగ గింజలు, బిస్కెట్లు తప్ప మరో తిండి ఎరగదు.

మా పిల్లల్లో ఉండేలుబద్ద పట్టని చెయ్యి లేదు. ఉడుతని గురిచూసి కొట్టడం వాళ్లకి తెలిసిన విద్యే. అదే చేతులతో దానికి తిండి పెట్టమంటే మొదట నవ్వారు. తర్వాత ఎవరి జేబులో ఉన్న పల్లీలు వాళ్లు తెచ్చారు. ఉడుత ఇష్టంగా తింటోంది కదా, ఇంకేం కావాలి అన్నారు.

అక్కడ మాకు పాఠం దొరికింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారి పాత ఆహార పట్టిక తీసి నల్లబల్ల మీద రాశాం. 100 గ్రాముల వేరుశనగలో కాల్షియం సుమారు 90 మిల్లీగ్రాములు, భాస్వరం 350. ఎండు మొక్కజొన్నలో కాల్షియం 10, భాస్వరం 348. చోళ్లలో, అంటే రాగుల్లో, కాల్షియం 344, భాస్వరం 283. మునగాకులో కాల్షియం 440, భాస్వరం 70 మాత్రమే. తిండిలో భాస్వరం ఎక్కువై కాల్షియం తక్కువైతే ఒళ్లు తన ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది. ఎముక మెత్తబడుతుంది, కాళ్లు పడిపోతాయి. నాలుగో ఉడుత అలా ఎందుకు నడుస్తోందో పిల్లలకి విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

అడవిలో ఉడుత ఒక్క గింజలే తినదు. మర్రిపళ్లు, లేత చిగుళ్లు, మొగ్గలు, బెరడు, పురుగులు అన్నీ తింటుంది. మేమూ అలాగే కలిపి పెట్టాం. పొద్దున్నే ఆకలి మీద ఉన్నప్పుడు మునగాకు, బీరకాయ ముక్క. తర్వాత నానబెట్టి మొలకెత్తించిన చోళ్లు. మధ్యాహ్నం రేగుపండో జామ ముక్కో. భోజనంలో వచ్చే గుడ్ల పెంకులు కడిగి, ఎండబెట్టి, మెత్తగా నూరి చిటికెడు చల్లేవాళ్లం. అన్నీ తిన్నాకే రెండు పల్లీలు. ముందే పల్లీలు పెడితే మిగతావి ముట్టవు. బిస్కెట్ మానిపించాం. ఉడుత ముందు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి కాబట్టి కొరకడానికి పచ్చి కొమ్మలు వేశాం. తిన్న కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలి. అందుకని మంచు విడవగానే వెదురు బోనుని ఎండలో పెట్టేవాళ్లం. రాత్రికి గోనెపట్టా కప్పేవాళ్లం.

ఊళ్లో ఒక ముసలమ్మ వచ్చి చూసి, "ఉడుతకి చోళ్లు పెడుతున్నారా మాస్టారూ? మన పిల్లలే మానేశారు కదా" అంది. ఆ మాట నిజమే. అంబలి తాగుతామని చెప్పుకోవడానికి మా పిల్లలు సిగ్గుపడతారు. చోడి చేలు తగ్గి కోటా బియ్యం వచ్చాయి. ఐదు రూపాయల చిప్స్ పొట్లం కొనుక్కోవడం గొప్ప అయింది. 2023 మార్చిలో రాష్ట్రంలోని బడుల్లో వారానికి మూడు రోజులు రాగిజావ మొదలుపెట్టారు. మన తాతల తిండి ప్రభుత్వ పథకమై వచ్చినా పారబోసే గ్లాసులు ఉన్నాయి.

నల్లబల్ల మీద అంకెలు చెరిపేద్దామంటే పిల్లలు ఒప్పుకోలేదు. ఎనిమిదో తరగతి ఆడపిల్ల ఒకతి లేచి, "మరి మన తిండి కూడా కూడదామా సార్?" అంది. వారం రోజుల తిండి రాయించాం. ఇంటినుంచి తెచ్చుకునే చిరుతిళ్లు కూడా రాశారు. ఎవరి లెక్క వాళ్లు చూసుకున్నారు. మేము ఎవరినీ ఏమీ అనలేదు.

మాఘం వెళ్లాక మూడు పిల్లల్నీ బడి వెనక మర్రిచెట్టు దగ్గర వదిలాం. బోను తలుపు తీసి ఉంచి, కొన్నాళ్లు అక్కడే తిండి పెట్టాం. రోజురోజుకీ తినడం తగ్గించి, చివరికి రావడం మానేశాయి. నాలుగోది కాళ్లు ఈడవడం మానింది, కొమ్మ ఎక్కుతుంది, కానీ కొమ్మ మీంచి కొమ్మకి దూకలేదు. లేత వయసులో వంగిన ఎముక పూర్తిగా తిన్నగా కాదు. బీట్ ఆఫీసరుకి చెప్పే దాన్ని బడిలో ఉంచాం. మునగాకు కోసుకొచ్చే వంతు తరగతులవారీగా పంచాం. తోటి ఉపాధ్యాయులు ఇటువైపు వస్తే చూసి వెళ్లండి. వచ్చేటప్పుడు దానికి బిస్కెట్లు మాత్రం తేవద్దు.