మూణ్ణెల్లలో ఏడాది బతుకు

పూలు చూడ్డానికి హిమాలయాల దాకా పోవాలా అనేవాళ్లని ఆగస్టు ఆఖర్లో ఒక్కసారి పూల లోయకి పంపాలి. ఉత్తరాఖండ్ చమోలీ జిల్లాలో, పుష్పావతి నది పొడవునా పరుచుకున్న 87.5 చదరపు కిలోమీటర్ల జాతీయ వనం అది. దగ్గర్లోని ఘాంఘరియా ఊరి నుంచి పొద్దున్నే బయల్దేరి, వంతెన దాటి, భూర్జ వృక్షాల మధ్య ఎక్కుతాం. మన పూర్వులు తాటాకు మీద రాసినట్టే ఉత్తరాదివాళ్లు రాసుకున్న భూర్జపత్రం ఈ చెట్టు బెరడే. పొరలు పొరలుగా ఊడి గాలికి రెపరెపలాడుతోంది! కాసేపటికి చెట్లు అయిపోతాయి. ఇక ఎటు చూసినా పూలే, దారికి రెండు పక్కలా నడుమెత్తున.

గులాబీ రంగులో గుంపులు గుంపులుగా ఉన్నదాన్ని ఎక్కడో చూశాననిపించింది. ముదిరిన కాయకి చెయ్యి తగలగానే టప్పున పగిలి గింజలు చిమ్మింది. కాశీతుంబ! మన పెరటి కాశీతుంబకి స్వయానా కొండచుట్టం. పెరట్లో ఆ కాయలు నొక్కి పగలగొట్టిన వాళ్లెవరికైనా ఆ క్షణంలో ప్రాణం లేచివస్తుంది.

కోబ్రా లిల్లీ అయితే మన కంద, చేమల కుటుంబమే. పడగ విప్పే కాలం అయిపోయి, అప్పటికే మొక్కజొన్న పొత్తులా కాయలు పట్టి ఉంది. దీని సంగతి వింటే నోరు తెరుస్తారు. దుంపలో బలం చాలనంత కాలం మగపూలు పూస్తుంది. బలం చేరాక ఆడపూలు. మళ్లీ బలం తగ్గితే మళ్లీ మగ. పుప్పొడి మోసే చిన్న పురుగులు పడగలోకి జారిపడితే, మగపువ్వు అడుగున బయటపడే సందు ఉంటుంది. ఆడపువ్వులో అదీ ఉండదు. ఇంత పన్నాగం ఒక దుంపమొక్కకి!

నీలి గసగసాల పువ్వు గురించి ఏం చెప్పను? ఒళ్లంతా ముళ్లు, పైన ఆకాశం రంగు రేకులు, నడుమ బంగారు కేసరాలు. బండల సందున ఒంటరిగా ఉంది. దాని ముందు మోకాళ్ల మీద కూర్చుండిపోయాను.

నన్ను పూర్తిగా గెలుచుకున్నది మాత్రం బ్రహ్మకమలం. అది లోయలో కాదు, ఘాంఘరియా నుంచే హేమ్‌కుండ్ సరస్సుకి ఎక్కే దారిలో, 4 వేల మీటర్లు దాటాక కనిపిస్తుంది. మనం రేకులనుకునే ఆ లేత పసుపుపచ్చ దొప్పలు రేకులు కావు, పలచని ఆకులు. వెలుతురుని లోపలికి రానిచ్చి, చలిగాలినీ వాననీ ఆపుతాయి. అసలు పూలు ఊదారంగు ముద్దగా ఆ వెచ్చదనంలో దాక్కుంటాయి. దాని దాయాది ఫేన్ కమల్ ఏకంగా ఉన్ని కప్పుకుంటుంది. సగం ఏడాదికి పైగా మంచుకింద ఉండే నేల ఇది. మొలవడం, పూయడం, గింజకట్టడం అన్నీ మూణ్ణాలుగు నెలల్లో కావాలి. అందుకే ఇక్కడ చాలా మొక్కలు వెచ్చదనం కోసం తమదైన ఉపాయం పన్నాయి. అది తెలిశాక ఏ పువ్వునీ ఊరికే అందంగా ఉందని చూడలేకపోయాను.

జంతువులకీ ఇదే గొడవ. బండల మధ్య పికా తుర్రుమంది. తోకలేని, గుప్పెడంత ఉండే చెవులపిల్లి బంధువు. చలికాలమంతా శీతనిద్రలోకి జారుకోకుండానే గడుపుతుంది! మోనాల్ అనే కొండకోడి పుంజు ఒంటి మీద రాగి, పచ్చ, నీలం లోహంలా మెరుస్తాయి. మంచుని ముక్కుతో తవ్వి దుంపలూ పురుగులూ తింటుంది. మంచుచిరుత, కస్తూరి మృగం కూడా ఈ లోయవే. నాకు కనిపించలేదు.

1931లో కామెట్ శిఖరం ఎక్కి దిగివస్తూ పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్ ఇక్కడికి వచ్చాడు. 1937లో పూల కోసమే మళ్లీ వచ్చి, పుస్తకం రాశాడు. గొర్రెల కాపరులకి అంతకుముందే తెలిసిన చోటిది. 1939లో జోన్ మార్గరెట్ లెగ్ అనే ఆమె మొక్కలు సేకరిస్తూ జారిపడి చనిపోయింది. సమాధి లోయలోనే, పూల మధ్య ఉంది. అక్కడ చాలాసేపు నిలబడ్డాను.

జూన్ నుంచి అక్టోబరు దాకా లోయ తెరిచి ఉంటుంది. లోపల రాత్రి బస చేయనివ్వరు. కాబట్టి వెళ్లేవాళ్లు గేటు తెరిచే వేళకే అక్కడుండండి. వాన కోటు తప్పనిసరి. మొదటిరోజు ఒక కిలోమీటరు కూడా నడవలేకపోతే కంగారుపడకండి, అడుగడుక్కీ ఆగడానికే కదా వెళ్లింది!