33 బైట్ల బెల్లంపల్లి

కంప్యూటర్‌లో ‘బెల్లంపల్లి’ అని ఇంగ్లీషులో కొడితే 11 బైట్లు. అదే తెలుగులో కొడితే 33! ఊరు అదే, రైల్వే స్టేషన్ బోర్డు అదే, జాగ మాత్రం మూడింతలు. ఇదేం అన్యాయం అంటారా? జర ఆగండి.

కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో మన గుణింతం గుర్తుకైనా, పొల్లుకైనా మూడేసి బైట్లు పడతయి. ఆ మూడింట్లో మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోదాంట్లో ఉన్నవి రెండే రకాలు. అంటే చెప్పిందే చెప్పుడన్నమాట. ఫైళ్లను కుదించే జీజిప్‌కు కావలసింది సరిగ్గా అదే. 1992లో జాన్-లూ గైయీ, మార్క్ ఆడ్లర్ తెచ్చిన ఈ పనిముట్టు చదువుకుంటూ పోతూ 32 కిలోబైట్ల దాకా వెనక్కి చూస్తది. ఇంతకు ముందు వచ్చిన ముక్కే మళ్లీ కనిపిస్తే దాన్ని రాయదు. ఎంత వెనక్కి పోవాలె, ఎంత పొడుగు తీసుకోవాలె, అంతే రాసుకుంటది. మీ ఇంట్లో బాపు సింగరేణి ముచ్చట్లు టైపు చేసి పెట్టిండనుకోండి. పేజీ పేజీకి బాయి, మస్టరు, షిఫ్టు తప్పవు గదా! జీజిప్‌కు పండగే.

అయితే జీజిప్ పట్టేది ఒక్కో ఫైలునే. ఫోల్డరంతా మూట కట్టేది టార్. 1979 నాటి యూనిక్స్‌లో, టేపుల కాలంలో వచ్చింది. టెర్మినల్ నల్ల తెర మీద ‘టార్ -సీజెడ్ఎఫ్’ కొట్టి, ముందు మూట పేరు, తర్వాత ఫోల్డరు పేరు ఇయ్యాలె. ‘సీ’ అంటే కట్టు, ‘జెడ్’ అంటే జీజిప్‌తో కుదించు, ‘ఎఫ్’ పక్కన వచ్చేది మూట పేరు. మూట పేరు మరిచి రెండు ఫైళ్ల పేర్లు ఇచ్చిండ్రా, మొదటి ఫైలునే మూట అనుకుని దాని మీదనే రాసేస్తది, అడగనైనా అడగదు. ఒక్క పేరే ఇస్తే మాత్రం గ్నూ టార్ ‘ఖాళీ మూట కట్టాలంటే నాకు భయం, కట్టను’ అన్నట్టు మొరాయిస్తది. నిజంగనే!

పెళ్లి ఫొటోలు కూడా ఇట్లనే చిన్నగైతయని ఆశ పెట్టుకోకండి. జేపెగ్‌లు ముందే కుదించినవి, వాటికి ‘జెడ్’ దండగ. రాతల సంగతి వేరు: 2003లో మొదలైన తెలుగు వికీపీడియా వ్యాసాలన్నీ బీజిప్2తో కుదించి పెట్టిండ్రు, ఎవరైనా దించుకోవచ్చు. బీజిప్2 జీజిప్ కన్నా గట్టిగ నొక్కుతది, కాకపోతే నిదానం.

చివరగా ఒక్క మాట. మూట కట్టంగనే అసలువి చెరపకండి. ‘టార్ -టీజెడ్ఎఫ్’ కొట్టి మూట పేరిస్తే లోపలున్నవన్నీ వరసగా చూపిస్తది. బాపు ఫైళ్లన్నీ లెక్కకు వచ్చి, ఇంకో ప్రతి పెన్ డ్రైవులోకి చేరినంకనే ఆ డిలీట్ బటన్ జోలికి పోండి.