దేవుడితో వేరు కాపురం

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అని మనవాళ్లు ఊరికే అనలేదు. కష్టంలో ఉన్నప్పుడు మోకాళ్లు వాటంతటవే వంగుతాయి. పిల్లాడికి జ్వరమొస్తే, ఫీజు కట్టాల్సిన తేదీ దగ్గర పడితే ప్రార్థన చేసుకోమని ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు. చిక్కంతా ఏరు దాటాకే.

ఉజ్జియా రాజు కథ అలాంటిదే. రెండవ దినవృత్తాంతములు 26వ అధ్యాయంలో ఉంటుంది. 16 ఏళ్లకే యూదాకు రాజై 52 ఏళ్లు ఏలాడు. చెడ్డవాడేం కాదు. జెకర్యా అనే భక్తుడి మాట వింటూ దేవుణ్ణి ఆశ్రయించాడు. ఫిలిష్తీయులను గెలిచాడు. యెరూషలేములో బురుజులు కట్టించాడు, బావులు తవ్వించాడు. వ్యవసాయమంటే ఇష్టమట ఆయనకి. ఒక రాజుకి మట్టి మీద ఉన్న ప్రేమను బైబిలు గుర్తుపెట్టుకుని రాయడం నాకెంతో బాగుంటుంది.

బాగా బలపడ్డాక మనసు పొంగింది. ధూపం వెయ్యడానికి నేరుగా మందిరంలోకి వెళ్లాడు. అది యాజకుల పని, రాజు పని కాదు. చూడండి, ఆయన విగ్రహం దగ్గరికి వెళ్లలేదు, దేవుడి మందిరానికే వెళ్లాడు. పైకి చూస్తే భక్తే! సంఘంలో గర్వం చాలాసార్లు భక్తి చీర కట్టుకునే వస్తుంది. అందుకే గుర్తుపట్టడం కష్టం.

అజర్యా అనే యాజకుడు మరో 80 మందితో వచ్చి, ఇది నీ పని కాదు, బయటికి వెళ్లమని చెప్పాడు. రాజు అడుగు పెట్టగానే శిక్ష పడలేదు. ముందు చెప్పేవాళ్లు వచ్చారు. ధూపార్తి కింద పెట్టి వెనక్కి తిరగడానికి వ్యవధి దొరికింది. ఆయన కోపం తెచ్చుకున్నాడు. ఆ కోపంలో ఉండగానే నొసట కుష్ఠు పుట్టింది. రోగాలన్నీ శిక్షలని నేననను, యోబు గ్రంథం చదివినవాళ్లెవరూ అలా అనలేరు. ఇక్కడ నాకు కనిపించేది ఒకటే. తప్పుడు అడుగు వెయ్యడం కన్నా, తప్పని చెప్పినవాళ్ల మీద మండిపడటమే ఆయన్ని ముంచింది. తిరుగుబాటు అంటే అదే.

మందిరంలో ఇంకో అడుగు లోపలికి వెళ్లాలనుకున్నవాడికి చివరికి మందిరమే లేకుండా పోయింది. చనిపోయేదాకా వేరే ఇంట్లో ఉండిపోయాడు. ఇంటి బాధ్యత, ప్రజల తీర్పులు కొడుకు యోతాము మీద పడ్డాయి.

మా బంధువుల్లో మామయ్య వరసైన ఒకాయన ఉండేవారు. వాళ్ల ఊళ్లో చర్చి కట్టేటప్పుడు స్వయంగా ఇటుకలు మోసిన మనిషి. చాలా ఏళ్లు సంఘ పెద్దగా చేశారు. ఒక ఏడాది పైకప్పు మరమ్మతు లెక్కలు సంఘంలో చదివి వినిపించమని కొత్తగా వచ్చిన పాస్టరుగారు అడిగారు. మామయ్య రూపాయి తినే మనిషి కాదని అందరికీ తెలుసు. లెక్కల పుస్తకం ఇంట్లోనే ఉంది. తెచ్చి చదివితే ఐదు నిమిషాల పని. "నన్నే లెక్క అడుగుతారా?" అని లేచి వచ్చేశారు. ఆ తర్వాత 14 ఏళ్లు ఆ గడప తొక్కలేదు.

ఆయన్ని ఎవరూ వెలివెయ్యలేదు. దేవుడితో వేరు కాపురం తనే పెట్టుకున్నారు. దాని ఖర్చు మాత్రం ఇల్లంతా కట్టింది. అత్తయ్య ఒక్కతే బైబిలు చంకన పెట్టుకుని వెళ్లి వెనక వరసలో కూర్చుని వచ్చేది. ఇంట్లో రాత్రి ప్రార్థన ఆగిపోయింది. కూతురి పెళ్లి ఆ చర్చిలో వద్దని ఫంక్షన్ హాల్లో చేశారు. చిన్నప్పటినుంచీ సండే స్కూల్లో తనతో కలిసి పాడిన పిల్లలు భోజనాలకి వచ్చిన చుట్టాల్లా వెళ్లిపోయారు. గొడవ జరిగినప్పుడు కొడుక్కి పదేళ్లు. పెద్దయ్యాక, కనీసం క్రిస్మస్‌కైనా గుడికి వెళ్లరా అని మామయ్య అడిగితే వాడు అన్న మాట అత్తయ్య నాతో చెప్పింది. "అలవాటు పోయింది నాన్నా."

యోతాము మంచి రాజే, కానీ తండ్రిలా మందిరంలో చొరబడలేదు అని రాసి ఉంటుంది. తండ్రిని చూసి బుద్ధి తెచ్చుకున్నాడని ప్రసంగాల్లో చెబుతారు. నిజమే. కానీ తల్లిగా చదివితే నాకు ఇంకోటి కూడా తోస్తుంది. ఆ గుమ్మం చూసినప్పుడల్లా ఆ కొడుక్కి తండ్రి నొసలే గుర్తొచ్చేదేమో.

జబ్బుపడ్డాక మామయ్య పాస్టరుగారికి కబురు పెట్టారు. మంచం మీదే ప్రభు బల్ల తీసుకున్నారు, పసిపిల్లాడిలా ఏడ్చారు. దేవుడు క్షమించాడని నేను పూర్తిగా నమ్ముతాను. క్షమాపణ వెంటనే దొరికింది. ఆ 14 ఏళ్లు దొరకలేదు. కొడుకు గది బయట నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు.

ఉజ్జియా చనిపోయిన సంవత్సరమే యెషయాకు దర్శనం కలిగింది. కుష్ఠురోగి తనను తాను అపవిత్రుణ్ణని చెప్పుకోవాలన్నది ధర్మశాస్త్రం. యెషయా ఏ రోగమూ లేకుండానే ఆ మాట తన పెదవుల గురించి తనే ఒప్పుకున్నాడు. రాజు బలవంతంగా అందుకోబోయిన బలిపీఠం దగ్గరి నిప్పు, దూత చేతిలో ఆయన దగ్గరికి తనంతట తనే వచ్చింది. అది కాల్చలేదు, శుద్ధి చేసింది.

మనల్ని ఆపడానికి 80 మంది యాజకులు రాకపోవచ్చు. అత్తగారో, భర్తో, ఒక్కోసారి పదేళ్ల పిల్లో వస్తుంది. చెప్పిన మనిషి చిన్నా పెద్దా అని చూడకుండా, చేతిలోని ధూపార్తి కింద పెట్టేస్తే చాలు.